సి షిఫ్టు ఇంట్లో కొరియన్ పాఠం

నా ఫోను నన్ను రోజూ మెచ్చుకుంటుంది. పాఠం అయిపోగానే తెర మీద రంగు కాగితాలు ఎగురుతాయి, ఎవరో చప్పట్లు కొడతారు, 'శభాష్, మీ వీలును బట్టి మీరు ముందుకు సాగుతున్నారు' అని తెలుగులో అక్షరాలు పడతాయి. ఇదివరకు ఆ చప్పట్లు బాగా వినపడాలని ఇయర్‌ఫోను ఇంకాస్త లోపలికి నొక్కుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ చోటు రాగానే గబుక్కున ఫోను బోర్లా పెట్టేస్తున్నాను. ఎవరి పెళ్ళిలోనో పొరపాటున నా మెడలో దండ వేసినట్టుంటుంది.

యాభై దాటిన వయసులో నాకు కొరియన్ భాష కొంచెం వచ్చు. దారి అడగగలను, అన్నం బాగుందని చెప్పగలను, వాన పడుతోందని అనగలను. ఆ దేశం ఎప్పుడైనా పోతానా అంటే పోను. పాల్వంచ నుంచి భద్రాచలం పోవడానికే నాకు బద్ధకం. ఈ భాష కావాలనుకున్న మనిషి నేను కాదు, మా ఆవిడ. ఆమెకు రాలేదు, నాకు వచ్చింది. ఎందుకు రాలేదో తెలిసిన నాటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

పాల్వంచలో కరెంటు తయారయ్యే ప్లాంటులో నేను ఆపరేటర్ని. మా కాలనీలో వారాలు షిఫ్టుల పేరుతోనే నడుస్తాయి. పొద్దున పోయేది ఎ, మధ్యాహ్నం పోయేది బి, రాత్రి పోయి తెల్లారి వచ్చేది సి. సి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. అతను పడుకోవాలంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి.

సి షిఫ్టు నడిచే ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది. గేటు గొళ్ళానికి పాతగుడ్డ చుట్టి ఉంటుంది. కాలింగ్ బెల్లు వైరు ఊడదీసి ఉంటుంది. ఆ వారం ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు, గిన్నెలో వండి గంజి వారుస్తారు. పచ్చడి చెయ్యాలంటే మిక్సీ జారు చంకన పెట్టుకుని, ఏ ఇంట్లో మగమనిషి డ్యూటీలో ఉన్నాడో ఆ ఇంటికి పోతారు ఆడవాళ్ళు. ఎవరిది ఏ షిఫ్టో మా ఇంజినీరైనా తడుముకుంటాడేమో గానీ వాళ్ళు తడుముకోరు. మా క్వార్టర్లు జంట ఇళ్ళు, నడుమ గోడ ఒక్కటే. పక్కింటాయనకూ నాకూ షిఫ్టులు దాదాపు ఎప్పుడూ ఎదురుబొదురుగానే పడతాయి. నేను డ్యూటీకి పోతే ఆయన నిద్ర, ఆయన డ్యూటీకి పోతే నా నిద్ర. అంటే గోడకు అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళిద్దరికీ నోరారా మాట్లాడుకోవడానికి సందే దొరకదు. ఇన్నేళ్ళూ ఆ గోడ పక్కనే పడుకున్నా ఈ సంగతి నా బుర్రకు తట్టలేదు.

నిద్ర చెడితే నేను మనిషిని కాను. దాచుకోవడం దేనికి, కాలనీ అంతటికీ తెలిసిన విషయమే. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ చేతిలోంచి ఒక స్టీలు పళ్ళెం జారి పడింది. అది గిర్రున తిరిగి తిరిగి ఆగేదాకా కూడా ఆగకుండా, లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి నేను ఎగిరిన ఎగురుడుకు ఆమె గోడకు అతుక్కుపోయింది. ఆ సాయంత్రం చూస్తే పళ్ళాల స్టాండులో పళ్ళానికీ పళ్ళానికీ మధ్య గుడ్డముక్కలు పెట్టి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. మాసిపోతే మారుస్తుంది. మా ఆవిడ ఎంత పొందికైన మనిషో అని వచ్చినవాళ్ళకు వాటిని చూపించి గొప్పలు పోయాను కూడా.

మా ఒక్కగానొక్క కూతురు ఆ ఇంట్లోనే పెరిగింది. బొమ్మలతో గుసగుసగా ఆడుకునేది. ఇప్పుడు ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. చేరిన కొత్తలో ఫోను చేసి, "ఈడ అందరు గట్టిగ మాట్లాడ్తరు నాన్నా, తల నొస్తున్నది" అంది. మేమిద్దరం పడీపడీ నవ్వాం.

తల్లికి కొరియా సీరియళ్ళు అలవాటు చేసింది ఆ పిల్లే. నేను పడుకున్న పగళ్ళలో మా ఆవిడ వంటింటి గడప మీద కూచుని ఫోనులో చూసుకునేది. ఒక చెవిలోనే ఇయర్‌ఫోను. రెండోది మెడ మీద వేలాడేది. ఎందుకని ఒకసారి అడిగితే, "పాలాయన గేటు తీయకముందే ఎదురుపోవాలె గదా" అంది. కూరగాయలామె కేక వేయకముందే చెయ్యి ఊపాలి. కొరియర్ వాడు తలుపు కొట్టకముందే తలుపు తీయాలి. ఒక చెవి కథకు, ఒక చెవి నా నిద్రకు. అప్పుడు నాకది ముచ్చటగా తోచింది.

ఒకరోజు ఫోనులో ఏదో నొక్కుడు పడి తెలుగు డబ్బింగ్ పోయింది, వాళ్ళ అసలు గొంతులు వచ్చాయి. సాయంత్రం నేను లేచి చాయ్ తాగుతుంటే పక్కన కూచుని చెప్పింది.

"వాళ్ళ సొంత గొంతు ఎంత బాగున్నదో తెలుసా. మనోళ్ళు పెట్టిన గొంతు దాని ముంగట ఎందుకూ పనికిరాదు. నాకు ఆ భాష నేర్చుకోవాలనున్నది."

"నేర్చుకుని? కొరియా పోయి కూరగాయలు కొనుక్కొస్తవా?" అన్నాను.

"యాడికీ పోను. వాళ్ళేమంటున్నరో ఎవ్వరూ చెప్పకుండ నాకే తెలవాలె. అంతే."

పెళ్ళయినప్పటి నుంచి మా ఆవిడ నన్ను ఏం అడిగిందా అని వెతుక్కున్నాను. చీర అడిగింది, అది చుట్టాల పెళ్ళికి. ఫ్రిజ్ అడిగింది, అది ఇంటికి. పుట్టింటికి పోతానని అడిగింది, అది వాళ్ళమ్మకు బాగాలేకపోతే. ఎవరికీ పనికిరానిది, తనకు మాత్రమే కావలసింది అడగడం అదే మొదలు. దానికి నేను కూరగాయల జోకు వేశాను.

పండక్కి వచ్చినప్పుడు అమ్మాయి మా ఇద్దరి ఫోన్లలోనూ ఆ భాష నేర్పే యాప్ వేసింది. నాకెందుకే అంటే మా ఆవిడే పట్టుబట్టింది. "నేనొక్కదాన్నే నేర్చుకుంటే ఎవరితోని మాట్లాడాలె? ఇద్దరం కలిసే పోదం. ఒకరు ముంగట పడితే రెండోవాళ్ళు వచ్చేదాక ఆగాలె" అంది. సరేనన్నాను. మా అమ్మాయి ముందర సరేనన్నాను.

అందులో పంతులు లేడు, క్లాసు లేదు, ఫలానా టైముకు రావాలని లేదు. ఎవరి వీలు వాళ్ళది. మొదటి పాఠాల్లో నోటితో పలికే పని లేదు. బొమ్మ చూసి మాట మీద నొక్కాలి, మాట విని బొమ్మ మీద నొక్కాలి. ఆ పాఠాల్లో మా ఆవిడ నా కన్నా ముందు పడింది. నేను సి షిఫ్టులో ఉండి ఒక వారం యాప్ ముట్టుకోలేదు. ఆమె మూడో పాఠం అయ్యాక ఆగిపోయింది. "ఇంకా పోలేదేంది?" అంటే "మీరు రావాలె గదా" అంది. నేను వచ్చేదాకా రోజూ ఆ మూడు పాఠాలే తిరగేసుకుంటూ కూచుంది. ఒప్పందాన్ని ఒప్పందంలా చూసింది.

నాలుగో పాఠం నుంచి నోటిపని మొదలైంది. ఫోను ఒక వాక్యం వినిపిస్తుంది, మనం దాన్ని తిరిగి ఫోనుకు చెప్పాలి. సరిగ్గా పలికితే తెర పచ్చగా మారి తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. లేకపోతే ఎర్రగా మారి 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది. 'అన్యోంగి కసెయో' అనేది అందులో చివరి వాక్యం. వెళ్తున్న వాళ్ళకు మర్యాదగా 'వెళ్ళి రండి' అని చెప్పడం.

నేను ఆ పాఠం కంపెనీ బస్సులో దాటాను. ఇంజను చప్పుడులో వినపడాలని అరిచినట్టే అన్నాను. బస్సంతా గొల్లుమంది. "ఏం సార్, కొరియా ట్రాన్స్‌ఫరా?" అన్నారు. తెర పచ్చబడింది. ఇంటికొచ్చి చూపించాను. మా ఆవిడ తన ఫోను చూపించింది, ఎర్రగా ఉంది.

ఒకటి రెండు రోజులు ఆగాను. ఆమెకు ఎర్రరంగే వస్తోంది. నాకు బస్సులో కాళ్ళు చేతులు ఊరుకోవు, చూస్తే అయిదో పాఠం తెరుచుకుని పిలుస్తోంది. 'మీ వీలును బట్టి నేర్చుకోండి' అని యాప్ తనే చెబుతోందిగా, నా వీలు నాది అనుకున్నాను. అయిదు దాటాను, ఆరు దాటాను. ఆమెకు చెప్పలేదు. చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తాను? ఒకరోజు సీరియల్లో ఎవరో అన్న మాటకు అర్థం నా నోట్లోంచి ఊడిపడింది. ఆమె ఫోను మీంచి తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "అబ్బ, మీకు ఎంత జల్దీ వస్తున్నది" అని సంబరపడింది.

అక్కడి నుంచి నేను పంతుల్నయ్యాను. పళ్ళెం ముందు కూచుని "ఏదీ, అను" అనేవాణ్ణి. ఆమె ఏదో అనేది. "గట్ల కాదు, నాలుక పైకి పోవాలె" అనేవాణ్ణి. నాలుక ఎక్కడికి పోవాలో నాకు తెలిసినట్టు! మళ్ళీ అనేది, మళ్ళీ దిద్దేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆమె మాట నాకు సరిగ్గా వినపడేదే కాదు. వినపడకపోతే తప్పేనని లెక్క వేసుకునేవాణ్ణి, ఆ ఫోను లాగే.

"నీ నోరు ఆ భాషకు తిరగదే" అన్నానొకసారి. అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడుతూ, "మీ అమ్మ ఇంకా నాలుగో క్లాసు ఫెయిలే" అని నవ్వాను. మా ఆవిడ కూడా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు. నెట్ అడ్డం పడి బొమ్మ ఆగిందనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె ఫోనులో ఆ యాప్ లేదు. అడిగితే, "జాగ లేదు, ఫోటోలు పడ్తలేవని తీసేసిన. మీకొచ్చింది గదా, నాకొచ్చినట్టే" అంది. ఎంత మంచి మాట అన్నదోనని పొంగిపోయాను. సీరియల్ పెడితే పక్కన చేరి అర్థాలు చెప్పడం మొదలుపెట్టాను. అందులో సగం తప్పులు. ఎవ్వరూ చెప్పకుండా తనకే తెలియాలని కోరుకున్న మనిషి పక్కన కూచుని, ఆపకుండా చెబుతూ పోయాను. కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ తెలుగు డబ్బింగ్ పెట్టుకుంది. మరి కొన్నాళ్ళకు సీరియళ్ళే తగ్గించేసింది. కళ్ళు మండుతున్నాయంది. డ్రాప్స్ కొనుక్కొచ్చి ఇచ్చాను. నా బుద్ధి అంతే పనిచేసింది.

మా అత్తగారి ఊరు ములకలపల్లి దాటి లోపలికి, అడవి అంచున ఉంటుంది. మొన్న మిరపకాయ కోతలప్పుడు నాకు ఆఫ్‌లు కలిసి వచ్చాయని ఇద్దరం బండి మీద పోయాం. మా బావమరిది కూలీలను తీసుకురావడానికి ట్రాక్టర్ మీద పోయాడు. నేను చేను గట్టున చెట్టు నీడలో నులకమంచం వేసుకుని పడుకున్నాను. మా ఆవిడా, వాళ్ళ వదినా చేనులోకి దిగారు.

కన్ను మూతపడుతుండగా ఒక కేక వినపడింది. అడవి వైపు నుంచి కోతుల గుంపు చేనులో దిగింది, దాన్ని తరుముతూ ఎవరో ఆడమనిషి వేసిన కేక. వాగు అవతలి చేనులో కూలీలు కూడా పని ఆపి తలెత్తి చూశారు. నేనూ లేచి కూచుని ఎవరా అని చూశాను. మా ఆవిడ. చీర కొంగు నడుముకు దోపుకుని, చేతిలో మిరపకట్టెతో, కోతులకు ఎదురు నిలబడి కేకలేస్తోంది. ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. గంట కొట్టినట్టుంది. ఈమెకు ఇంత గొంతు ఉందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాను.

వాళ్ళ వదిన నన్ను చూసి నవ్వింది. వరస ప్రకారం ఆమె నన్ను అన్న అంటుంది. "ఏందన్నా, అట్ల చూస్తున్నవ్? మా ఆడబిడ్డ పిలిస్తే వాగవతల బర్రెలు కూడ ఆగేటియి. నీకు తెల్వదా?" అంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "వాటికి తెలుగు చెవిన పడ్తలేదమ్మా. నువ్వేదో కొత్త భాష నేర్చినవంట గదా, దాంట్ల చెప్పు" అంది.

మా ఆవిడ ఒక్క క్షణం సిగ్గుపడింది. గట్టు మీద నేనున్న సంగతే మరిచిందేమో, ఇటు చూడలేదు. కట్టె పైకెత్తి, కోతుల గుంపు వైపు తిరిగి, "అన్యోంగి కసెయో!" అని ఒక్క అరుపు అరిచింది.

అది నాలుగో పాఠంలోని వాక్యం. తెర మీద ఎర్రబడీ ఎర్రబడీ ఆమెను ఆపేసిన వాక్యం. పొలం మీద ఆ చివర నుంచి ఈ చివరకు స్పష్టంగా పాకింది, ఒక్క అక్షరం జారలేదు, ఫోనులో ఆ కొరియా అమ్మాయి అన్నట్టే ఉంది. కోతులకు అంత మర్యాదగా వెళ్ళి రమ్మని ఎవరూ చెప్పి ఉండరు. అవి పోయాయి. వదినా ఆడబిడ్డలిద్దరూ చేనులో కూలబడి నవ్వుతున్నారు. "ఇంకోపాలి అను, ఇంకోపాలి" అంటోంది వదిన. ఆమె మళ్ళీ అంది, ఇంకా గట్టిగా అంది.

నేను కూడా నవ్వాల్సింది. నవ్వు రాలేదు. జేబులోంచి ఫోను తీసి ఆమె నోటి దగ్గర పెట్టాలనిపించింది. ఆ ఊళ్ళో సిగ్నల్ ఉండదు. ఉన్నా పెట్టే మొహం నాకు లేదు.

అనుమానం తీర్చుకోకపోతే నాకు నిలవదు. ఇంటికి తిరిగి వచ్చాక నా ఫోనులోనే వెనక్కి పోయి నాలుగో పాఠం తెరిచి, "ఏదీ, ఒక్కసారి అను" అని ఆమె చేతికిచ్చాను. అప్పటిదాకా ఆమె ఫోనుకు చెప్పేటప్పుడు నేను చూసిందే లేదు. ఆమె పాఠం చదివే వేళకు నేను నిద్రలో ఉండేవాణ్ణి. ఇప్పుడు చూశాను. ఫోను పెదవులకు ఆనించుకుంది. రెండో చెయ్యి దొప్పలా చేసి నోటికి అడ్డం పెట్టుకుంది. పడకగది వైపు ఒకసారి చూసింది. ఆ గదిలో పడుకోవలసిన నేను ఎదురుగానే కూచుని ఉన్నాను, అయినా చూసింది. అప్పుడు ఊపిరితో అంది. గొంతు లేదు, ఉత్త గాలి. తెర ఎర్రబడింది.

"గట్టిగ అను" అన్నాను.

"గట్టిగనే అన్న గదా" అంది.

ఆమె నిజంగానే అలా అనుకుంటోంది. ఆ ఇంట్లో ఆమెకు అదే గట్టి. నోరు తిరగకపోవడం కాదు, నాలుక కాదు, బుర్ర కాదు. నా నిద్ర కోసం దిగిన గొంతు దిగినట్టే ఉండిపోయింది. నేను దాన్ని మొద్దుతనం కింద జమకట్టి నవ్వాను. తల కొట్టేసినట్టయింది నాకు.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. "ఇప్పుడు తెలిసిందా నాన్నా?" అంది. "గుసగుసలాడితే ఫోనుకేం వినపడ్తది? నేను అప్పుడే అమ్మకు చెప్పిన. నాన్న లేస్తడు, వద్దులే అన్నది." నాకు చెప్పొచ్చు కదా అన్నాను. "నీకెట్ల చెప్పాలె నాన్నా, నువ్వు ఎప్పుడూ పడుకునే ఉంటివి" అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే తిరిగి ఒక మాట అని తేలికపడేవాణ్ణి.

మా ఆవిడతో మాట్లాడాను. ఇంట్లో గట్టిగా మాట్లాడు, ఎంత గట్టిగానైనా మాట్లాడు, నేనేమీ అనను అని చెప్పాను. "అవ్" అని ఊపిరితో అంది. పళ్ళాల మధ్య గుడ్డముక్కలు నేనే తీసేశాను. మర్నాటికి మళ్ళీ ఉన్నాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, చాలా గొప్ప ఆలోచన అనుకున్నాను. సి షిఫ్టు చేసి వచ్చి నేను ఇంటికి పోకపోతే సరి. ఆ వారం పక్కింటాయన సెలవు పెట్టి ఊరెళ్ళాడని విన్నాను. గోడకు అటూ నిద్ర లేదు, ఇటూ నిద్ర లేదు. ఆమె ఫోనులో యాప్ మళ్ళీ వేసి ఇచ్చాను. "నేను లేనప్పుడు చదువుకో" అన్నాను. మర్నాడు తెల్లారి బస్సు దిగి, కాలనీ గేటు బయట చాయ్ కొట్టు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూచున్నాను. నా వెంట దిగినవాళ్ళంతా ఇళ్ళకు పోయారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా లోపల తృప్తిగా ఉంది. ఈపాటికి ఆమె నోరు తెరిచి చదువుకుంటూ ఉంటుంది, పచ్చరంగు వస్తుంది, అయిదో పాఠం తెరుచుకుంటుంది అనుకుంటూ గోడకు ఆనుకుని అలాగే కునుకు తీశాను.

కేకకు మెలకువ వచ్చింది. మా ఆవిడ రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వస్తోంది. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు. అప్పుడు గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. మా కాలనీలో నైట్ డ్యూటీ మనిషి బస్సు వచ్చాక కూడా ఇంటికి రాలేదంటే దానికి ఒక్కటే అర్థం, ప్లాంటులో జరగరానిది ఏదో జరిగిందని. ఏ ఇంటి ఆడమనిషైనా ఆ బస్సు చప్పుడు వినేదాకా తెల్లవారినట్టు లెక్కపెట్టదు. ఫోను చేస్తే నాది సైలెంట్‌లో ఉంది. ఆమె ప్లాంటు గేటు దాకా పోదామని బయలుదేరింది.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అంది. ఎన్నడూ మీరు తప్ప నువ్వు అనని మనిషి. "పానం పోయిందనుకున్న! ఇంట్ల నేను సచ్చుకుంట బతుక్కుంట ఉంటే ఈడ కూసోని నిద్రపోతున్నవా? నిద్రపోను నీకు ఇల్లు లేదా? నీ నిద్ర కోసమే గద నేను..." అక్కడ ఆగి, ఏడుపు మింగి, మళ్ళీ అందుకుంది. అది మిరప చేనులో గొంతు. చాయ్ కొట్టాయన గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చాయ్ కోసం వచ్చినవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. నాకు సిగ్గు వేయలేదు. తిట్టనీ అనుకున్నాను. ఇంకా గట్టిగా తిట్టనీ, ప్లాంటు చిమ్నీ దాకా వినపడనీ అనుకున్నాను. ఆమెను అంతగా భయపెట్టినందుకు ఒకపక్క గుండె పిండేస్తున్నా, ఇంకోపక్క ఆ గొంతు వింటూ ఉండిపోవాలనిపించింది.

నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. మా లైను మలుపు తిరిగాం, తిడుతూనే ఉంది. మా ఇంటి గేటు దగ్గరకు వచ్చాం. గుడ్డ చుట్టిన గొళ్ళెం మీద చెయ్యి వేసిందో లేదో, తిట్టే మాట నడిమధ్యలో ఆమె గొంతు కిందికి దిగిపోయింది. ఎవరో మీట తిప్పి తగ్గించినట్టు. మిగతా సగం తిట్టు ఊపిరితోనే పూర్తి చేసింది. కళ్ళలో కోపం అంతా అలాగే ఉంది, పెదవులు అంతే వేగంగా కదులుతున్నాయి, చప్పుడు లేదు.

నాకు తెలియకుండానే నోట్లోంచి ఒక కొరియన్ వాక్యం వచ్చింది. బస్సులో ఎన్నోసార్లు వల్లెవేసిన వాక్యం. "ఖుగె మల్హె జుసెయో." దయచేసి గట్టిగా చెప్పండి అని. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నేను ఆమెకు చెప్పి ఉండాల్సిన మాట.

ఆమె తిట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. ఆ వాక్యం ఎక్కడో పదో పాఠంలో ఉంది. ఆమె నాలుగో పాఠం దగ్గరే ఉంది.

"ఏందన్నరు?" అంది గుసగుసగా. మళ్ళీ మీరులోకి వచ్చేసింది.

"గట్టిగ మాట్లాడు అన్న" అని తెలుగులో చెప్పాను. నా గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది.

ఆమె గాభరాగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గోడ వైపు సైగ చేసింది. "పక్కింటన్న ఊరి నుంచి వచ్చిండు. రాత్రంత ప్రయాణం చేసొచ్చి ఇప్పుడే పడుకున్నడు. మెల్లగ." లోపలికి పోయాం. ఆమె ఫోను వంటింటి గట్టు మీద ఉంది. నాలుగో పాఠం తెరిచి ఉంది, తెర ఎర్రగా ఉంది.

"పడుకోరి, కండ్లు చూడుర్రి ఎట్ల అయినయో" అంది. దుప్పటి కప్పింది, కిటికీ తెర లాగింది. తర్వాత బయటికి పోయి తలుపు వేసింది. పడుకుని చెవులు రిక్కించాను. గడియ పడిన చప్పుడు కూడా వినపడలేదు.